రికార్డులో 78.50, స్క్రీన్ మీద 78.00

ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ల్యాబ్ రికార్డు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కుడి పక్క గీతల పేజీలో ప్రోగ్రాం, ఎడమ పక్క తెల్ల పేజీలో అవుట్‌పుట్. ప్రోగ్రాం సీనియర్ రికార్డులోంచి దించుతాం. అవుట్‌పుట్ కూడా అందులోంచే దించుతాం. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర దించి ఉంటాడు. ఈ గురుపరంపర ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలీదు.

ఫస్టియర్లో ఒకసారి ఏం తోచిందో ఏమో, రికార్డులో ఉన్న ప్రోగ్రాంని ఉన్నదున్నట్టు టర్బో సీ లో కొట్టి చూశాను. రెండు సబ్జెక్టుల మార్కులు 77, 80 ఇస్తే సగటు చెప్పాలి. రికార్డులో అవుట్‌పుట్ 78.50. స్క్రీన్ మీద 78.00. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సీ భాష దశాంశాన్ని పారేస్తుందని నాకప్పుడు తెలీదు. ల్యాబ్ సార్‌ని అడిగితే "రికార్డులో ఏముందో అదే రాయవయ్యా, ఎక్స్‌టర్నల్ చూసేది రికార్డునే" అన్నారు. నేనూ బుద్ధిగా 78.50 అనే రాశా. సంతకం పడింది, మార్కులు పడ్డాయి. మరుసటి ఏడాది నా జూనియర్ ఒకడు నా రికార్డు పట్టుకెళ్ళి అదే 78.50 దించుకున్నాడు.

అప్పట్లో ఇది నవ్వుకునే విషయం. ఉద్యోగంలో చేరాక అదే పని మళ్ళీ చేశాను. ఈసారి నవ్వు రాలేదు.

మూడేళ్ళ కిందటి సంగతి. మా ఆఫీసులో అందరూ వాడుకునే ఒక చిన్న లైబ్రరీ రాశాను. వేరే సర్వీసుకి రిక్వెస్ట్ పంపితే జవాబు రాకపోతే, కాసేపు ఆగి మళ్ళీ పంపడం దాని పని. ఎలా వాడాలో చెప్పడానికి రీడ్‌మీ ఫైల్లో ఐదు లైన్ల ఎగ్జాంపుల్ పెట్టాను. ఎంతసేపు ఆగాలి అన్నచోట 30 అని రాశా. 30 సెకన్లన్నమాట. ఎనిమిది నెలల తర్వాత, అరసెకను పావుసెకను కూడా ఇవ్వగలగాలని ఎవరో అడిగితే దాన్ని మిల్లీసెకన్లకి మార్చాను. కోడ్ మార్చాను. టెస్టులు మార్చాను. మా టీములో వాడిన ప్రతిచోటా మార్చాను. రివ్యూ అయ్యింది, మెర్జ్ అయ్యింది. రీడ్‌మీలో 30 మాత్రం 30 లాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకి పక్క టీములో ఒక కుర్రాడు చేరాడు, కాలేజీ నుంచి నేరుగా. రీడ్‌మీ చూసి ఎగ్జాంపుల్ కాపీ చేసుకున్నాడు. నెలాఖరు రాత్రి అవతలి సర్వీసు కాస్త నెమ్మదించింది. ఇతని సర్వీసు అర నిమిషం ఆగాల్సింది పోయి, 30 మిల్లీసెకన్లకోసారి అడిగిందే అడగడం మొదలెట్టింది. నీరసంగా ఉన్నవాణ్ణి పట్టుకుని సెకనుకి ముప్ఫైసార్లు "లేచావా, లేచావా" అని కుదిపితే ఏమవుతుంది? పూర్తిగా పడిపోయింది. మళ్ళీ లేపేసరికి రెండున్నర గంటలు పట్టింది.

మర్నాడు మీటింగు. "కోడ్ చూసుకోకుండా ఎలా కాపీ చేశావ్?" అని అడిగారు. "రీడ్‌మీలో అలాగే ఉంది సార్" అన్నాడు. "రీడ్‌మీలో ఉంటే మాత్రం? చూసుకోవద్దా?" అన్నారు. ఆ గదిలో నేనూ ఉన్నాను. ఆ రీడ్‌మీ నేనే రాశానని చెప్పాల్సిన క్షణం అది. చెప్పలేదు. ఎవరైనా అడిగితే చెబుదామని కూర్చున్నా, ఎవరూ అడగలేదు. రిపోర్టులో కారణం అన్నచోట అతని పేరు ఎక్కింది. సాయంత్రం టీ దగ్గర నా దగ్గరికొచ్చి "అన్నా, 30 అంటే సెకన్లనుకున్నా... నాదే తప్పంటావా?" అన్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, డాక్యుమెంటేషన్ విషయంలో అది అక్షరాలా నిజం. రాసినవాడి తప్పుకి చదివినవాడు దోషి. ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది, దీన్ని మార్చాలని ఎవరైనా ప్రయత్నించారా అని అప్పట్నుంచి కనిపించినదల్లా చదువుతూ వచ్చాను. చదివింది ఒకచోట పెడదామనే ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

కథ 1843లో లండన్‌లో మొదలవుతుంది. చార్లెస్ బాబేజ్ అనలిటికల్ ఇంజిన్ అనే యంత్రాన్ని కాగితం మీద గీశాడు. దాని గురించి మెనాబ్రియా అనే ఇటలీ ఇంజనీరు 1842లో ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. ఏడా లవ్‌లేస్ దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, చివర ఏ నుంచి జీ దాకా నోట్సు చేర్చింది. వ్యాసం కన్నా నోట్సే పెద్దవి. అచ్చయ్యేనాటికి ఆమె వయసు 27. చివరి నోట్సులో ఒక పెద్ద పట్టిక ఉంది. బెర్నూలీ సంఖ్యల్ని ఈ యంత్రం ఎలా లెక్కగడుతుందో వరుసగా 25 ఆపరేషన్లలో చెప్పే పట్టిక. అచ్చయిన మొట్టమొదటి కంప్యూటర్ ప్రోగ్రాం అని చాలామంది చెప్పేది దీన్నే. మన భాషలో చెప్పాలంటే, ఒక యంత్రం తాలూకు డాక్యుమెంటేషన్లో ఇచ్చిన ఎగ్జాంపుల్.

ఆ ఎగ్జాంపుల్లో నాలుగో వరుసలో బగ్ ఉంది. నాలుగో వేరియబుల్‌ని ఐదోదానితో భాగించాల్సిన చోట, ఐదోదాన్ని నాలుగోదానితో భాగించమని ఉంది. భాగహారం తిరగబడింది. తమాషా ఏమిటంటే, అదే వరుసలో కొంచెం కుడిపక్కకి జరిగితే ఫలితం అనే గడి ఉంటుంది. అందులో మాత్రం లవం, హారం సరైన వరుసలోనే ఉన్నాయి. అంటే ప్రోగ్రాం తప్పు, పక్కన రాసిన అవుట్‌పుట్ రైటు. అచ్చం మా ల్యాబ్ రికార్డే!

ఆమెని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. తప్పు రాతలో దొర్లినా, అచ్చులో దొర్లినా దాన్ని పట్టుకునే దారి ఒక్కటే ఉంది, యంత్రం మీద నడిపి చూడడం. ఆ యంత్రం బాబేజ్ బతికుండగా పూర్తి కాలేదు, తర్వాతా కాలేదు. నడిపి చూడ్డానికి ఏమీ లేనప్పుడు ఎంత తెలివైనవాళ్ళు రాసినా ఎగ్జాంపుల్ అనేది ఒక నమ్మకం మాత్రమే.

ఇక్కణ్ణించి ఒక్క గెంతులో 1960కి వెళ్దాం. ఇప్పుడు యంత్రాలున్నాయి. ఆల్గాల్ 60 అనే భాష వచ్చింది. అమెరికాలో ఏసీఎం సంస్థ నడిపే కమ్యూనికేషన్స్ పత్రిక ఆ ఏడాది అల్గారిథమ్స్ అని ఒక శీర్షిక మొదలెట్టింది. ఎవరైనా తమ అల్గారిథం పంపొచ్చు, ఒక నంబరు వేసి అచ్చేస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, ఆల్గాల్‌కి అచ్చులో ఒక రూపం, యంత్రంలో ఒక రూపం. పుస్తకంలో ఉన్న గుర్తులు చాలా యంత్రాల మీద ఉండవు. కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని అచ్చులోంచి యంత్రంలోకి ఎత్తి రాయాలి, నడపాలి.

దానికి వాళ్ళు కనిపెట్టిన పద్ధతి నాకు చాలా నచ్చింది. ఫలానా నంబరు అల్గారిథంని మా యంత్రం మీద నడిపాం, ఇదిగో ఫలితం, ఇదిగో దిద్దుబాటు అని పాఠకులే రాసి పంపేవారు. దాన్ని సర్టిఫికేషన్ అనే పేరుతో అదే పత్రికలో అచ్చేసేవారు. మనందరం ఇంటర్వ్యూల కోసం బట్టీ పట్టే క్విక్‌సార్ట్ 1961లో టోనీ హోర్ ఆ శీర్షికలోనే అచ్చేశాడు. పార్టిషన్‌కి నంబరు 63, క్విక్‌సార్ట్‌కి 64, ఫైండ్‌కి 65. మూడింటికీ కలిపి 1962లో ఒక సర్టిఫికేషన్ వచ్చింది, ఫైండ్‌కి దిద్దుబాటుతో సహా. హోర్ అంతటివాడి కోడ్ కూడా వేరొకరు నడిపితే గానీ తేలలేదు. అది చెప్పడానికి ఎవరూ మొహమాటపడలేదు, చెప్పించుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదు. మొదట నడిపేది ఇక్కడా పాఠకుడే, కాదనను. కానీ అతన్ని నేరస్థుడిగా నిలబెట్టలేదు, అతని పేరుని గౌరవంగా అచ్చేశారు. మా మీటింగుకీ దానికీ ఎంత తేడా!

అయితే పాఠ్యపుస్తకాలకి ఈ సదుపాయం లేదు. రచయిత కోడ్ రాస్తాడు, టైపిస్టు కొడతాడు, అచ్చువాడు అక్షరాలు పేరుస్తాడు. మూడు చేతులు మారేసరికి ఒక సెమికోలన్ ఎగిరిపోవడం పెద్ద విశేషమేం కాదు. బ్రయన్ కెర్నిహాన్, ప్లాగర్ ఇద్దరూ కలిసి 1974లో ప్రోగ్రామింగ్ శైలి మీద ఒక పుస్తకం తెచ్చారు. అందులో ఇలా రాయకూడదు అని చూపించిన ప్రోగ్రాములు వాళ్ళు కల్పించినవి కావు, అప్పటికే అచ్చయి ఉన్న పాఠ్యపుస్తకాల్లోంచి తీసినవి! పిల్లలకి ఆదర్శంగా పెట్టిన ఎగ్జాంపుల్స్‌లో ఇన్ని లొసుగులా అని చదివినవాళ్ళు బిత్తరపోయి ఉంటారు.

మరి ఇతరుల తప్పులు ఏరినవాళ్ళు తమ పుస్తకాల్లో జాగ్రత్త పడాలి కదా. వాళ్ళిద్దరూ 1976లో రాసిన సాఫ్ట్‌వేర్ టూల్స్‌లోనూ, 1978లో కెర్నిహాన్, డెన్నిస్ రిచీ కలిసి రాసిన సీ భాష పుస్తకంలోనూ ముందుమాటలో ఒక మాట ఉంటుంది. ఎగ్జాంపుల్స్ అన్నీ పుస్తకం పాఠంలోంచే నేరుగా తీసి పరీక్షించాం, ఆ పాఠం కంప్యూటర్ చదవగలిగే రూపంలోనే ఉంది అని దాని సారాంశం. మనం ఎవరం చదవం గానీ, నా లెక్కలో ఆ పుస్తకాల్లోకెల్లా పెద్ద ఆవిష్కరణ ఆ ముందుమాటలోనే ఉంది :)

ఇది ఎందుకు కుదిరిందంటే, వాళ్ళు బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మీద పనిచేసేవాళ్ళు. పుస్తకం రాసేదీ ఆ యంత్రం మీదే, కోడ్ నడిపేదీ ఆ యంత్రం మీదే. టైపిస్టు చేయీ, అచ్చువాడి చేయీ మధ్యలోంచి తప్పుకున్నాయి. నడిపిన ఫైలూ అచ్చుకెళ్ళిన ఫైలూ ఒకటే కాబట్టి తేడా రావడానికి సందు లేదు. పాఠకుడి కన్నా ముందు రచయిత యంత్రమే ఎగ్జాంపుల్‌ని చదివేసింది. 1843లో లేని యంత్రం, 1960లో దూరంగా ఉన్న యంత్రం, ఇప్పుడు రచయిత బల్ల దగ్గరికే వచ్చిందన్నమాట.

డొనాల్డ్ క్నూత్ ఇంకో అడుగు వేశాడు. అసలు ప్రోగ్రాం, దాని వివరణ రెండు వేరు వేరు ఫైళ్ళు ఎందుకు కావాలి అన్నాడు. వెబ్ అనే పద్ధతి తయారు చేశాడు. వరల్డ్ వైడ్ వెబ్ పుట్టకముందు సంగతి ఇది, ఆ వెబ్ కాదు. ఒకే ఫైలు రాస్తాం. టాంగిల్ అనే ప్రోగ్రాం అందులోంచి కంపైల్ చేసే కోడ్ తీస్తుంది. వీవ్ అనేది అందులోంచే చదువుకునే పుస్తకం తీస్తుంది. 1982లో టెక్ సాఫ్ట్‌వేర్‌ని మొత్తం ఇలాగే తిరగరాశాడు. 1984లో లిటరేట్ ప్రోగ్రామింగ్ అని వ్యాసం రాశాడు. 1986లో టెక్ సోర్స్ కోడ్ మొత్తం పుస్తకంగా అచ్చయ్యింది. తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్ళకి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసిచ్చేవాడు. ఎందుకంత అంటే, 256 సెంట్లు ఒక హెక్సాడెసిమల్ డాలరట. చదివినవాడు తప్పు చెబితే చెక్కు! మాకు చార్జిషీటు.

క్నూత్ పద్ధతి అందరూ మెచ్చుకున్నారు, వాడినవాళ్ళు మాత్రం తక్కువ. ఒక ప్రోగ్రాంని వ్యాసంలా రాయడానికి ప్రోగ్రామరు రచయిత కూడా అయ్యుండాలి. డెడ్‌లైన్ల మధ్య అది మనవల్ల అయ్యే పని కాదు.

మనలాంటి మామూలు మనుషులకి దారి చూపింది పైథాన్ వాళ్ళు. టిమ్ పీటర్స్ అనే ఆయన 1999లో డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ బయటపెట్టాడు. 2001లో పైథాన్ 2.1తో అది భాషలో భాగమైంది. ఆలోచన ఎంత చిన్నదో చూడండి. పైథాన్‌లో మూడు బాణం గుర్తుల పక్కన ఏదైనా టైపు చేస్తే కింద జవాబొస్తుంది. చాలామంది ఆ స్క్రీన్ మీదిది ఉన్నదున్నట్టు కాపీ చేసి ఫంక్షన్ వివరణలో అతికిస్తారు. ప్రశ్న, జవాబు రెండూ అక్కడే ఉన్నాయి కదా, మరి ప్రశ్నని మళ్ళీ నడిపి, వచ్చిన జవాబు రాసిన జవాబుతో సరిపోయిందో లేదో యంత్రాన్నే చూడమంటే పోలా? అంతే. కుడి పేజీ నడుపు, ఎడమ పేజీతో పోల్చు. మా ల్యాబ్ సార్ చెయ్యాల్సిన పని.

చెప్పుకున్నంత సుఖంగా ఏమీ సాగలేదు. పైథాన్ డిక్షనరీలో అంశాలు ఏ వరుసలో వస్తాయన్న హామీ అప్పట్లో లేదు. అయినా జనం తమ స్క్రీన్ మీద కనిపించిన వరుసే రాసేసుకున్నారు. 2012లో పైథాన్ 3.3 వచ్చి, భద్రత కోసం హ్యాషింగ్‌ని నడిపిన ప్రతిసారీ మారేలా చేసేసరికి అలాంటి డాక్‌టెస్టులు ఉన్నట్టుండి ఎర్రబడ్డాయి. 2018లో 3.7 వచ్చాక గానీ చేర్చిన వరుసలోనే వస్తాయన్న హామీ భాషలోకి రాలేదు. కోడ్‌లో తప్పులేకుండానే టెస్టు పడిపోతుంటే చిరాకే. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. భాష ఇవ్వని హామీని ఆ డాక్యుమెంట్ ఇచ్చేసింది. ఆ సంగతి బయటపడడం మంచిదే కదా.

ఇదే రోజుల్లో గణాంకాలవాళ్ళ ఆర్ భాషలో ఇంకా కఠినమైన పద్ధతి పెట్టారు. క్రాన్ అనే భాండాగారంలో మీ ప్యాకేజీ ఉండాలంటే దాని హెల్ప్ పేజీల్లోని ఎగ్జాంపుల్స్ నడవాలి. చేర్చుకునేటప్పుడు ఒక్కసారి చూసి వదిలెయ్యరు, ఆ తర్వాతా చెక్ చేస్తూనే ఉంటారు. విరిగితే సరిచెయ్యమంటారు, చెయ్యకపోతే ప్యాకేజీని పక్కన పెట్టేస్తారు. మొహమాటాల్లేవు.

ఆ తర్వాత వచ్చిన భాషలు దీన్ని పుట్టుకతోనే తెచ్చుకున్నాయి. 2012లో 1.0 అయిన గో భాషలో ఎగ్జాంపుల్ అనేది ఒక టెస్టు ఫంక్షనే, కింద కామెంట్లో అవుట్‌పుట్ రాస్తే పోల్చి చూస్తుంది. 2015లో 1.0 అయిన రస్ట్‌లో, డాక్యుమెంటేషన్ కామెంట్లో కోడ్ రాస్తే చాలు, మామూలు టెస్టులతో పాటు అదీ కంపైలయి నడుస్తుంది. జావాడాక్ మాత్రం 1996 నుంచీ ఉన్నా, పరీక్షించగలిగే బయటి ఫైల్లోంచి కోడ్ ముక్కని డాక్యుమెంట్‌లోకి లాక్కునే సదుపాయం భాషతోపాటు రావడానికి 2022లో జావా 18 దాకా ఆగాల్సొచ్చింది. ఇరవయ్యారేళ్ళు!

ఇక్కడిదాకా వచ్చాక, హమ్మయ్య ఎగ్జాంపుల్స్ నడిపితే చాలు, సమస్య తీరిపోయింది అనిపిస్తుంది. నాకూ అనిపించింది. రెండు సంగతులు చదివాక ఆ ధీమా పోయింది.

మొదటిది హలో వరల్డ్. 1978 సీ పుస్తకంలో మొదటి ప్రోగ్రాం. పరీక్షించే అచ్చేశారని చెప్పుకున్నాం కదా. అందులో మెయిన్ ముందు ఇంట్ అని లేదు, పైన హెడర్ ఫైలూ లేదు. అప్పటి సీ కి అవి అక్కర్లేదు. 1999 ప్రమాణం ఆ వెసులుబాటు తీసేసింది. కంపైలర్లు పాతికేళ్ళు పోనీలే అని హెచ్చరికతో సరిపెట్టాయి. 2024లో వచ్చిన జీసీసీ 14 ఇక మాటల్లేవంది. ఇప్పుడా ప్రోగ్రాంని ఉన్నదున్నట్టు కొట్టి, ఏ ఆప్షనూ ఇవ్వకుండా కంపైల్ చేస్తే ఎర్రర్ వస్తుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది కాపీ చేసిన ఎగ్జాంపుల్ అదే అయ్యుంటుంది. పుస్తకంలో అక్షరం మారలేదు. చుట్టూ ఉన్న లోకం మారింది. ఒకసారి పరీక్షించాం అనేది ఆ రోజు తారీఖుతో ఇచ్చిన సర్టిఫికెట్, జీవితకాలం చెల్లదు.

రెండోది బైనరీ సెర్చ్. జాన్ బెంట్లీ 1986లో ప్రోగ్రామింగ్ పెర్ల్స్ పుస్తకంలో బైనరీ సెర్చ్ రాసి, సరైనదని నిరూపించి, పరీక్షించి మరీ చూపించాడు. 2006లో జాషువా బ్లాక్ ఒక వ్యాసం రాశాడు, అందులో బగ్ ఉందని. మధ్య స్థానం కోసం కింది సూచికనీ పై సూచికనీ కూడి రెండుతో భాగిస్తాం. ఆ కూడిక 214 కోట్లు దాటితే 32 బిట్ల పూర్ణాంకంలో పట్టక రుణసంఖ్య అయిపోతుంది. అది జరగాలంటే వరుసలో సుమారు 107 కోట్ల అంశాలుండాలి. 1986లో అంత మెమరీ ఎవరి దగ్గరుంది? అదే బగ్ జావా లైబ్రరీలోనూ ఏళ్ళ తరబడి ఉంది, అక్కడ ఆ కోడ్ రాసింది తనేనని బ్లాకే ఒప్పుకున్నాడు. నిరూపణా ఉంది, పరీక్షా ఉంది, బగ్గూ ఉంది.

ఈ రెండూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. ఎగ్జాంపుల్‌ని నడపడం వల్ల అది సత్యం అయిపోదు. ఈ రోజు కోడ్, ఈ రోజు రాత ఒకే మాట మీద ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. ఆ మాత్రం తెలియాలన్నా రోజూ నడపాలి. రెండు పేజీలూ ఉండాలి. కుడి పేజీ ఒక్కటే నడిపితే లాభం లేదు.

ఈ చివరి ముక్క నేను నా రీడ్‌మీ దగ్గరే నేర్చుకున్నా. ఇదంతా చదివి ఉత్సాహంగా రీడ్‌మీలోని ఎగ్జాంపుల్స్‌ని టెస్టులకి కలిపేశాను. 14 ఉన్నాయి. మొదటిసారి నడిపితే ఐదు కంపైలే కాలేదు, ఎప్పుడో పేరు మార్చిన ఫంక్షన్లు. మరి ఆ 30? అది పచ్చగా పాసైపోయింది! ఎందుకవ్వదు? 30 మిల్లీసెకన్లు ఆగడం నేరమేం కాదు కదా. కోడ్ నడిచింది, ఎర్రర్ లేదు. ఎడమ పేజీ లేదు కాబట్టి పోల్చడానికీ ఏమీ లేదు. గో భాషలో కూడా అంతే, అవుట్‌పుట్ కామెంట్ రాయని ఎగ్జాంపుల్‌ని అది కంపైల్ చేసి వదిలేస్తుంది, నడపదు. నా ఉపాయం నన్ను ఆ రాత్రి కాపాడి ఉండేది కాదని తెలిశాక కాసేపు అలాగే కూర్చుండిపోయా.

తర్వాత రెండు పనులు చేశాను. ఉత్త అంకె తీసుకోవడం మానేసి, సెకన్లో మిల్లీసెకన్లో చెప్పకపోతే కంపైలే కాకుండా మార్చాను. అలాగే ప్రతి ఎగ్జాంపుల్ కింద ఏం జరగాలో రాసి, ఉత్తుత్తి గడియారం పెట్టి, నిజంగా అన్ని సెకన్లు ఆగిందో లేదో పోల్చేలా చేశాను. ఇప్పుడు రీడ్‌మీలో కోడ్ ఎవరూ చేత్తో రాయరు, టెస్టు ఫైళ్ళలోంచి వస్తుంది. మొత్తం మూడు రోజుల పని. ఆ మూడు రోజులు మూడేళ్ళ ముందు పెట్టి ఉంటే...

ఈ కాలంలో ఇవన్నీ ఎందుకు, అడిగితే ఏఐ రాసిస్తుంది కదా అనేవాళ్ళున్నారు. నేనూ రోజూ వాడతాను. ఎప్పుడో తీసేసిన ఫంక్షన్‌ని ఎంతో నమ్మకంగా పిలుస్తూ కోడ్ ఇచ్చిన రోజులు నాకు బోలెడున్నాయి. దాని తప్పేముంది? అది చదువుకున్నది మనం సరిచెయ్యకుండా వదిలేసిన రీడ్‌మీలే. అందరి రికార్డులూ చదివిన సీనియర్ అది. ఇదివరకు పాత ఎగ్జాంపుల్ ఒక కుర్రాడిని ముంచేది, ఇప్పుడు ఒకేసారి ఎంతమందిని ముంచుతుందో లెక్కేలేదు. నడిపి చూడాల్సిన అవసరం పెరిగిందే గానీ తగ్గలేదు.

అయిపోవచ్చింది. ఒక్కటి మిగిలింది.

టీ దగ్గర ఆ కుర్రాడు అడిగినప్పుడు నిజం చెప్పాను. "రీడ్‌మీ నాది. మార్చడం మర్చిపోయా" అన్నాను. అతను కాసేపు గ్లాసు వైపే చూసి, "పర్లేదన్నా" అన్నాడు. పర్లేదు అని అతను అనేశాడు కదా అని నేనూ ఊరుకున్నా. రిపోర్టు అలాగే ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి పాత రిపోర్టులు చదివించడం మా దగ్గర అలవాటు. కారణం అన్నచోట అతని పేరు చదువుతూ ఎంతమంది ఎన్నిసార్లు తల ఊపారో.

1962లో దిద్దుబాటు అసలుది అచ్చయిన పత్రికలోనే అచ్చయ్యింది కదా. ఆ సంగతి చదివిన మర్నాడు మా మేనేజర్ దగ్గరికెళ్ళి ఆ రిపోర్టు తెరిపించాను. "ఇప్పుడెందుకయ్యా, ఎప్పుడో అయిపోయిన కథ" అన్నారు. "రోజూ ఎవరో ఒకరు చదువుతున్నారు సార్, తప్పు రాసి ఉంది" అన్నాను. కారణం అన్నచోట అతని పేరు తీసేసి, రీడ్‌మీ ఎగ్జాంపుల్ కోడ్‌తో పాటు మారలేదు అని, రాసినవాడిగా నా పేరు పెట్టాం. అతనప్పటికే వేరే కంపెనీకి మారిపోయాడు. మెసేజ్ పెడితే ఒక నవ్వు బొమ్మ, కింద "థాంక్స్ అన్నా" అని వచ్చింది.

ల్యాబ్ రికార్డు ఇంట్లో అటక మీద ఇంకా ఉంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు దించి చూశాను. 78.50 అలాగే ఉంది, పక్కన సార్ సంతకంతో సహా. పెన్ను తీసి కొట్టేసి, 78.00 అని రాశా. మార్కులెలాగూ పడిపోయాయి లెండి, ఇప్పుడు పోయేదేముంది.